ఏసోబు వేసిన తడిగుడ్డ

"అది పేలితే?"

"పేలదు."

"పేలితే అంటున్నా. గోడకి అవతలే పాప పడుకుని ఉంది."

"కంపెనీవాడు మూడేళ్లు వారంటీ ఇచ్చాడుగా."

"బ్యాటరీకి ఇచ్చాడు. పాపకి ఇచ్చాడా?"

కోటేష్ స్కూటరు సీటు కింద నుంచి ఊడదీసి తెచ్చిన బ్యాటరీని రెండు చేతులా ఎత్తి, మెట్ల కిందికి మోసుకెళ్లి అక్కడి ప్లగ్గుకి తగిలించాడు. ప్రతి సాయంత్రం ఇదే తంతు. గుంటూరులోని ఆ రెండు గదుల అద్దె ఇంట్లో బ్యాటరీ ఏ మూల పెట్టినా అతని భార్య బిందుమాధవికి అది పాపకి దగ్గరే అనిపించేది.

ఆమె భయం తెలియనితనంలోంచి పుట్టింది కాదు. ఆ పెట్టె లోపల ఏముంటుందో ఆమెకి బాగా తెలుసు. రెండు పలకలు, వాటి మధ్య ఒక ద్రవం. ఆ ద్రవంలో ఈదుకుంటూ లితియం అయాన్లు ఇటునుంచి అటు, అటునుంచి ఇటు తిరుగుతుంటేనే స్కూటరు నడుస్తుంది. లోపల ఎక్కడైనా తేడా వస్తే ఆ ద్రవమే పెట్రోలులా అంటుకుంటుంది. ఆ ద్రవం తీసేసి దాని చోట పల్చటి ప్లాస్టిక్ పొర పెట్టాలన్నదే ఆమె పీహెచ్‌డీ. పొర కారదు, అంత తేలిగ్గా అంటుకోదు. కానీ దానిలో అయాన్లు కదలవు. కొత్తపట్నం ఒడ్డున ఇసుకలో దిగబడ్డ సైకిలు చక్రంలా ఉన్నచోటే ఉండిపోతాయి. వాటిని కదిలించడానికే ఆమె అయిదేళ్లు ఖర్చయ్యాయి.

అయితే ఇక్కడ చెప్పబోయేది ఆమె గురించి కాదు. ఆమె ల్యాబులో గాజు పళ్లేలు కడిగిన ఏసోబు గురించి.

ఏసోబుది ప్రత్తిపాడు అవతల ఒక పల్లె. తండ్రి పత్తి చేలల్లో పురుగుమందు కొట్టేవాడు, తల్లి మిరపకాయ కోతలకి వెళ్లేది. పదేళ్లకే ఏసోబు కళ్లం మీద ఎండబెట్టిన కాయల్ని కాలితో తిరగదోసేవాడు. పద్దెనిమిదేళ్లకి గుంటూరు మిర్చియార్డులో ఒక కమీషను కొట్లో కుదిరాడు. అక్కడ అతనికి రెండు పనులు. పిడికెడు కాయలు తీసి చెవి దగ్గర ఆడించి, లోపల గింజ చేసే చప్పుడును బట్టి సరుకు ఎండిందో లేదో చెప్పడం ఒకటి. రెండోది నీళ్లు చల్లడం.

కటిక ఎండిన మిరపకాయని సంచిలోకి తొక్కితే పెళపెళ విరుగుతుంది. గింజ రాలిపోయి సరుకు చూపు చెడుతుంది. అందుకని తొక్కే ముందు రోజు సాయంత్రం కాయ మీద పల్చగా నీళ్లు చిలకరించి గోనెపట్టా కప్పుతారు. తెల్లారేసరికి కాయ మెత్తబడి, వంచితే వంగుతుంది. నీళ్లు ఎక్కువైతే బూజు, తక్కువైతే ముక్కలు. ఆ కొలత ఏసోబు చేతివేళ్లలో ఉండేది. చెంబులో చెయ్యి ముంచి, వేళ్లు విదిలించి, ఎక్కడ ఆపాలో అక్కడ ఆపేవాడు. అతను చల్లిన సరుకులో ముక్క కనిపించేది కాదు.

ఇరవై ఏళ్లు మిరప ఘాటు పీల్చాక దగ్గు పట్టుకుంది. ఆ పని మానకపోతే ఊపిరితిత్తులు మిగలవని డాక్టరు తేల్చి చెప్పాడు. చర్చి పాస్టరు గారు ఎవరితోనో మాట్లాడితే, ఒక ఏజెన్సీ తరఫున కాలేజీలో అటెండరుగా చేరాడు. ఫిజిక్సు డిపార్టుమెంటులో వేశారు. అప్పటినుంచీ పదిహేడేళ్లుగా అక్కడే. దగ్గు మాత్రం అతన్ని వదిలిపెట్టలేదు. వరండా చివర దగ్గు వినపడితే పిల్లలు సెల్‌ఫోన్లు జేబులో పెట్టేసుకునేవాళ్లు, వెనకాలే సార్ వస్తున్నారేమోనని.

బిందుమాధవి అతన్ని బాబాయ్ అనేది. అతను అమ్మా అనేవాడు.

ఆమె పని చూడ్డానికి వంటలాగే ఉండేది. పాలిమర్ పొడి, లితియం ఉప్పు, వేడి నీళ్లలో వేసి ఒక రోజంతా కలియబెట్టాలి. అందులో టైటానియం ఆక్సైడు అనే తెల్లపొడి, విభూతి కన్నా మెత్తనిది, చిటికెడు కలపాలి. అది గాజు పళ్లెంలో పోసి నాలుగు రోజులు యాభై డిగ్రీల వేడిలో ఆరబెడితే అడుగున పల్చటి పొర మిగులుతుంది. ఆ పొరని బ్లేడు అంచుతో లేపి, ఊడదీసి, ఇంపిడెన్స్ మిషను మీద పెట్టి అయాన్లు ఎంత సులువుగా కదులుతున్నాయో కొలవాలి. మిషను వేరే డిపార్టుమెంటుది. వీళ్ల వంతు గురువారం మధ్యాహ్నం ఒక్కటే. ఊడదీసిన పొరల్లో మిగిలిన కాస్త తేమా లాగేసే వాక్యూం ఓవెన్ ఒకటి ఉండేది గానీ, దాని పంపు పాడై ఏడాది దాటింది. రిపేరు ఫైలు వాసిం సార్ బల్ల మీద ఉంది. వాసిం సార్ ఆమె గైడు.

చిక్కల్లా ఆ ఊడదీయడం దగ్గరే వచ్చింది. తెల్లపొడి పెరిగిన కొద్దీ పొర పెళుసెక్కేది. అది మే నెల. గుంటూరు ఎండకి బయట తారు కరుగుతుంటే, లోపల ఆమె పొరలు అప్పడాల్లా పగిలేవి. ఒక గురువారం ఆరు పళ్లేలకి ఆరూ ముక్కలయ్యాయి. ఆమెకప్పుడు అయిదో నెల. సింకు దగ్గర నిలబడి కుళాయి తిప్పి మొహం కడుక్కుంటూనే ఉంది.

"ఏమ్మా, ఏడుస్తున్నారా?"

"లేదు బాబాయ్. పళ్లేలు కడిగే అసిటోను ఘాటు."

"అసిటోనుకైతే నాకూ రావాలిగా మరి కన్నీళ్లు? నేనేం గాజు కళ్లు పెట్టుకోలా."

ఆమెకి నవ్వొచ్చింది, దాంతో ఏడుపూ ఎక్కువైంది.

"కడుపుతో ఉన్నోళ్లు ఏడిస్తే బిడ్డ మూతి ముడుచుకుని పుడుద్ది. ఊరుకోండి. వచ్చే వారం నేను ఊడదీస్తా. ఒక్కటి విరిగిందా, నా పేరు మార్చుకుంటా."

"ఏం పేరు పెట్టుకుంటావు?"

"వాసిం అని పెట్టుకుంటా. ఏసీ రూమన్నా ఇస్తారు."

తర్వాతి గురువారం ఒక్కటీ విరగలేదు. ఏసోబు బ్లేడు అంచు ఆనించి మెల్లగా ఊదితే, పొర పాల మీద మీగడలా లేచి వచ్చింది. "నీ చేతిలో ఏముంది బాబాయ్?" అని ఆమె అడిగింది. "మిరపకాయ ఘాటు" అన్నాడు. అంతకుమించి ఆమె అడగలేదు, అతను చెప్పలేదు.

ఆ వారం నుంచే అంకెలు మారాయి. తెల్లపొడి లేని పొరలో అయాన్ల కదలిక టెన్ పవర్ మైనస్ సెవెన్. అంటే కదలిక ఉందని కాగితం మీద చెప్పుకోవడానికి మాత్రమే పనికొస్తుంది. రెండు శాతం పొడి వేస్తే అది పెరిగింది. నాలుగు శాతానికి ఇంకా పెరిగింది. ఆరు శాతానికి మైనస్ ఫోర్ దాకా వచ్చి నిలబడింది. ఒకటికి వెయ్యి రెట్లు! ఎనిమిది శాతానికి వెళ్తే ఏసోబు చేతిలో కూడా పొర చిట్లిపోయింది కాబట్టి ఆరు దగ్గర ఆపారు. ఆ నాలుగు చుక్కల్ని కలిపితే నున్నగా పైకి లేచే గీత వచ్చింది. వాసిం సార్ ఆ గీతని ప్రింటు తీయించి తన గది తలుపుకి అంటించారు. డిపార్టుమెంటంతా స్వీట్లు పంచారు. జర్నల్లో పేపరు వచ్చింది.

సెప్టెంబరులో పాప పుట్టింది. ఏసోబు భార్య జయకుమారి ఊలు టోపీ అల్లి పంపింది. ఏసోబు ఆస్పత్రికి వచ్చి, బిడ్డని ఎత్తుకోకుండా చేతులు వెనక్కి కట్టుకుని, ముందుకి వంగి చూశాడు.

"మూతి ముడుచుకోలా. చూశారా?"

అలా దాదాపు రెండేళ్లు గడిచాయి. థీసిస్ నూట డెబ్భై పేజీలయ్యింది. జులై నెలాఖరుకి రిజిస్ట్రేషన్ గడువు ముగుస్తుంది. ఆ లోపు ఇచ్చేస్తే డాక్టరేటు, లేకపోతే అయిదేళ్లూ గాలిలో కలిసినట్టే. మార్చిలో, థీసిస్ ఇచ్చేముందు జరిపే సెమినారు పెట్టారు. బయటినుంచి ఒక పెద్ద ప్రొఫెసర్ వచ్చారు. అంతా విని, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ ఒకే ఒక్క ప్రశ్న వేశారు.

"వాటర్ సంగతేంటమ్మా? ఈ ఫిల్ముల్లో తడి లేదని నీకు గ్యారంటీ ఏంటి?"

"పూర్తిగా పొడిగా ఉన్నాయి సార్. నాలుగు రోజులు ఆరబెట్టి, తడి తగలకుండా కొలిచాం."

"అయితే సంతోషం. ఎందుకంటే కాస్త తేమ ఉన్నా అయాన్లు నీళ్లలో ఈదినట్టు ఈదేస్తాయి, అంకె బ్రహ్మాండంగా వస్తుంది. కానీ దాన్ని బ్యాటరీలో పెట్టామా, లితియానికి తడి తగిలిందంటే గ్యాసు పుడుతుంది, అది ఉబ్బుతుంది, నిప్పే. ఇల్లు తగలబెట్టుకోవడమే."

హాలు వెనక టీ కప్పుల పళ్లెం పట్టుకుని ఏసోబు నిలబడి ఉన్నాడు. ఆ రోజు టీ ఎవరికీ అందలేదు. తర్వాత చూస్తే పళ్లెం కిటికీ గట్టు మీద ఉంది. కప్పులన్నిటి మీదా మీగడ కట్టి ఉంది.

మర్నాడు అతను పనికి రాలేదు. ఆ మర్నాడు వచ్చాడు.

"అమ్మా, ఒక మాట. తలుపు దగ్గరికి వెయ్యనా?"

"ఏంటి బాబాయ్?"

"ఆ పళ్లేల మీద నేను తడిగుడ్డ వేసేవాణ్ణి."

"ఏ పళ్లేల మీద?"

"ఊడదీసే వాటి మీద. బుధవారం సాయంత్రం మీరెళ్లిపోయాక. గుడ్డ తడిపి, గట్టిగా పిండి, పొరకి తగలకుండా రెండు పుల్లలు అడ్డం పెట్టి పైన కప్పేవాణ్ణి. పొద్దున్నే తీసేసేవాణ్ణి. కాయకి చేసినట్టే. మెత్తబడి లేచొచ్చేయి."

బిందుమాధవి నవ్వింది. ముందు నవ్వే వచ్చింది ఆమెకి.

"అన్నిటికీనా?"

"లేదమ్మా. తెల్లపొడి లేనియ్యి వాటంతటవే లేచేవి, వాటికి దేనికి? రెండు శాతానికి కాసేపు. నాలుక్కి ఇంకాస్త. ఆరు శాతం మరీ పెళుసు గదా, వాటికి రెండు మడతలేసి తెల్లార్లూ ఉంచేవాణ్ణి."

ఆమె నవ్వు ఆగిపోయింది. సున్నా, రెండు, నాలుగు, ఆరు. వాసిం సార్ తలుపు మీద అంటించిన గీత కళ్ల ముందు కదిలింది. ఎంత పెళుసుకి అంత గుడ్డ. ఎంత గుడ్డకి అంత నీరు. ఎంత నీటికి అంత కదలిక.

తర్వాతి గురువారం దాకా ఆమె సరిగ్గా అన్నం తినలేదు. పాపకి పాలు పడుతూ పడుతూ మధ్యలో ఆగిపోయేది. ఒక విడత పొరలు గుడ్డ లేకుండా, ఒక విడత గుడ్డతో తీయించింది. గుడ్డ లేనివి పగిలాయి. వాటిల్లోంచి గోరంత ముక్కలు ఏరి మిషను మీద పెట్టింది. సున్నా శాతం, మైనస్ సెవెన్. రెండు, మైనస్ సెవెన్. నాలుగు, ఆరు, అన్నీ అంతే. గుడ్డ వేసిన ఆరు శాతం పొర పెట్టింది. మైనస్ ఫోర్.

తెల్లపొడి చేసింది ఏమీ లేదు. ఆ గీత ఏసోబు జాలి గీసింది.

మిషను గదిలోంచి బయటికొచ్చేసరికి అతను వరండాలో నిలబడి ఉన్నాడు, చేతిలో ఆ బ్లేడు అలాగే ఉంది.

"అడగాలని తెలియదా ఏసోబూ?" అంది. పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. "రెండేళ్లు! నన్నొక్క మాట అడగాలని తెలియలేదా?"

"మీరు ఏడుస్తుంటే చూళ్లేకపోయానమ్మా."

"ఇప్పుడు చూడు."

అని లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. పక్క బల్ల దగ్గర కూర్చునే సిద్దికా ఓదార్చబోయింది. వేరే గైడు దగ్గర చేసే ఒకతను మాత్రం, "తడిగుడ్డతో గొంతు కొయ్యటం అంటే ఏంటో ఇప్పుడు తెలిసింది" అని గట్టిగానే నవ్వాడు. వరండాలో దగ్గు వినిపించింది. ఏసోబు అది విన్నాడన్నమాట.

వాసిం సార్ చెడ్డవాడు కాదు. విషయం విని ఆయన తలుపు మీది గీతని తనే పీకి మడిచి డ్రాయరులో పెట్టారు. జర్నలుకి రాసి పేపరు వెనక్కి తీసుకుందామన్నారు. తర్వాత కుర్చీ చూపించారు.

"గడువు పొడిగింపు అడగాలి. ఆర్నెల్లు ఇస్తారు. కానీ కారణం చూపించాలమ్మా. ఊరికే ఇవ్వరు."

"ఉన్నదే రాస్తాను సార్. ఊడదీసే ముందు తేమ తగిలిందని."

"ఎలా తగిలింది అంటారు. అప్పుడు నువ్వెందుకు చూసుకోలేదు అంటారు. ఇదుగో, ఒక్క వాక్యం. అటెండరు నిర్లక్ష్యం వల్ల శాంపిళ్లు పాడయ్యాయి. అంతే."

"అతని ఉద్యోగం సార్?"

"ఏజెన్సీ మనిషి. వాళ్లు ఇంకోచోట వేస్తార్లే."

వెయ్యరని ఇద్దరికీ తెలుసు. యాభై అయిదేళ్ల దగ్గు మనిషిని ఎవరు వేసుకుంటారు?

"వాక్యూం ఓవెన్ పాడైందని రాద్దామా సార్? అది పనిచేసి ఉంటే ఆ తడి పోయేది."

వాసిం సార్ కిటికీలోంచి బయటికి చూశారు. ఆ రిపేరు ఫైలు ఇంకా ఆయన బల్ల మీదే ఉంది.

"అది రాస్తే ఆర్నెల్లు కాదు, ఆరు రోజులు కూడా ఇవ్వరు" అన్నారు చివరికి. "ఆలోచించుకో. నీకు చిన్నపిల్ల ఉంది."

ఆ చివరి మాట ఆయన మంచికే అన్నారు. ఆమె రెండు రోజులు ఆలోచించింది. అయిదేళ్లు. పొద్దున్నే పాపని అత్తగారికి అప్పగించి బస్సెక్కిన రోజులన్నీ. పాప మొదటిసారి నిలబడ్డ రోజు తను మిషను ముందు ఉంది. మూడో రోజు సంతకం పెట్టింది. పెన్ను కాగితానికి ఆనించాక మధ్యలో ఆపలేదు, ఆపితే పెట్టలేనని తెలుసు.

పొడిగింపు వచ్చింది. ఏసోబు ఆ నెలాఖరున వెళ్లిపోయాడు. వెళ్లేటప్పుడు పళ్లేలన్నీ కడిగి, తుడిచి, బోర్లించి, బ్లేడుకి కాగితం చుట్టి ఆమె డ్రాయరులో పెట్టి వెళ్లాడు. ఆమె ఆ రోజు కావాలనే సెలవు పెట్టింది.

ఆ తర్వాత వాక్యూం ఓవెన్ మూడు రోజుల్లో బాగైంది.

ఆర్నెల్లూ ఆమె ఆరబెట్టి కొలిచింది. మైనస్ సెవెన్. పొడి మార్చింది, ఉప్పు మార్చింది, పొరని మెత్తబరిచే ఇంకో రసాయనం కలిపింది. ఒక్కసారి మైనస్ సిక్స్ వచ్చింది. మళ్లీ చేస్తే అదీ రాలేదు. పొరలు తనే ఊడదీసేది, సగం విరిగేవి. ముక్కలు ఏరుకునేటప్పుడు ఏడవటం కూడా మానేసింది. ఇంటికెళ్తే బ్యాటరీ మెట్ల కింద ఎర్రలైటుతో ఛార్జింగు అవుతుండేది. లోపల అదే ద్రవం. అది మార్చాలని బయలుదేరిన మనిషి చేతిలో మిగిలింది ఎక్కడా పైకి లేవని ఒక అడ్డగీత.

డిసెంబరులో సిద్దికా ఒక మాట చెప్పింది. ఏసోబు చీమకుర్తిలో కూతురింట్లో ఉన్నాడట, ఊపిరి అందడం లేదట.

పాపని అత్తగారి దగ్గర ఉంచి, ఒంగోలు వెళ్లి, అక్కణ్ణుంచి ఇంకో బస్సు పట్టుకుంది. ఒక్కొక్కటీ గదంత ఉన్న రాళ్లు మోసే లారీలు బస్సుని ఆనుకుని పోతుంటే ప్రతిసారీ కళ్లు మూసుకుంది. ఏసోబు అల్లుడు గ్రానైటు కోసే యూనిట్లో పనిచేస్తాడు. ఇల్లు రోడ్డు పక్కనే. గుమ్మం ముందు మొక్కల ఆకుల మీద తెల్లటి రాతిదుమ్ము వేలు మందాన పేరుకుని ఉంది. మిరప దుమ్ము తిన్న ఊపిరితిత్తుల్ని తెచ్చి రాతి దుమ్ములో పెట్టారు. ఇంకెక్కడ పెడతారు?

జయకుమారి ఆమెని చూసి గుర్తుపట్టింది. మంచినీళ్లు తెచ్చి బల్ల మీద పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

ఏసోబు మంచం మీద దిండ్లకి ఆనుకుని కూర్చున్నాడు. ముక్కుకి గొట్టం. పక్కన ఆక్సిజన్ మిషను గుర్రుమంటోంది.

"పాప ఎట్టా ఉందమ్మా?"

"బాగుంది బాబాయ్."

"మూతి?"

"ఇప్పుడు ముడుస్తోంది. అన్నం పెట్టినప్పుడల్లా."

నవ్వబోతే దగ్గొచ్చింది. అది తగ్గడానికి చాలాసేపు పట్టింది. ఆమె మంచినీళ్ల గ్లాసు పట్టుకుని నిలబడింది, ఇవ్వాలో వద్దో తెలియక.

"బాబాయ్, ఆ కాగితం..."

"చూశా. ఏజెన్సీవాడు చూపించాడు. తప్పు చేశాడని రాస్తే ఒప్పుకునేవాణ్ణమ్మా. తప్పే. నిర్లక్ష్యం అని రాశారు. ఆ మాటకి మాత్రం ఒక పూట అన్నం సయించలా." ఊపిరి తీసుకున్నాడు. "నిర్లక్ష్యం అంటే గుడ్డ వెయ్యటం మర్చిపోవటం గదా. నేనొక్క బుధవారం మర్చిపోలా."

ఆమె మంచం పక్కన నేల మీద కూర్చుండిపోయింది.

"మళ్లీ రాస్తాను బాబాయ్. నిజం రాస్తాను."

"ఎవరికి? ఉద్యోగం కోసం అడగట్లా. దీన్ని మోసుకుని ఏ ల్యాబుకి వస్తా?" అని గొట్టాన్ని చూపించాడు. తర్వాత గొంతు తగ్గించి, చుట్టం ఇంట్లో మాట్లాడినట్టు మెల్లగా అన్నాడు. "మీ నోటుబుక్కు నేను రోజూ చూసేవాణ్ణి, బల్ల తుడిచేటప్పుడు. ఎంత పొడి, ఎంత ఉప్పు, ఎన్ని డిగ్రీలు, అన్నీ ఉంటాయి. ఊడదీసింది ఎవరో లేదు. ఎట్టా ఊడదీశారో లేదు. మంచికే చేశా గదా, చెప్పేదేముందని నేననుకున్నా. మంచిగా ఊడొచ్చింది గదా, అడిగేదేముందని మీరనుకున్నారు. పాడు చేద్దామని చేసినోడి పని ఎవరో ఒకరు వెతికి పట్టుకుంటారమ్మా. మేలు చేద్దామని చేసింది ఎవరు వెతుకుతారు? ముందు అది రాసుకోండి."

ఆమె లేచేటప్పుడు జయకుమారి గుమ్మం దాకా వచ్చింది. "ఆయన మీ మీద ఒక్క మాట అనలా" అంది. "నేను అంటానమ్మా. దేవుడు నన్ను క్షమించాలి గానీ, రోజూ అంటున్నా." బిందుమాధవి తల వంచుకుని విని, బస్సెక్కింది.

జనవరి రెండో వారంలో ఏసోబు పోయాడు.

థీసిస్ ఆ నెలాఖరులో ఇచ్చింది. పైకి లేచే గీత లేదు, అడ్డగీత ఒక్కటే ఉంది. పద్ధతులు రాసిన అధ్యాయంలో మొదటి పేరా ఇలా ఉంది: పొరలు విరగకుండా, తన ప్రాంతంలో ఎండుమిర్చిని మెత్తబరిచే పద్ధతిలో, ల్యాబు అటెండరు ఏసోబు గారు వాటి మీద తడిగుడ్డ కప్పేవారు, అది నిర్లక్ష్యం కాదు, ఎంతో శ్రద్ధతో చేసిన పని, అడగవలసింది, చూసుకోవలసింది పరిశోధకురాలు, గతంలో ఇచ్చిన లేఖలో ఆమె రాసిన కారణం సరికాదు. వాసిం సార్ ఆ పేరా మీద ఎర్రగీత కొట్టారు. ఆమె మళ్లీ టైపు చేసింది. మళ్లీ కొట్టారు. మూడోసారి సంతకం పెట్టారు. పరీక్షకుల దగ్గర్నుంచి ఇంకా ఏ కబురూ లేదు. మంచి కబురు వస్తుందని ఆమె అనుకోవడం లేదు. కాగితం సరిదిద్దింది గానీ, అది చదవాల్సిన మనిషి లేడు.

ఇంట్లో ఫ్రిజ్ మీద ఇప్పుడు ఒక నోటుబుక్కు ఉంటుంది. పాపకి సంబంధించింది ఎవరు ఏది చేసినా అందులో రాయాలి. మొదట్లో అత్తగారు గురవమ్మ వెక్కిరించింది. "మేం నలుగుర్ని పెంచాం. ఒక్కడికీ రికార్డు లేదు. మీ ఆయనకి అసలే లేదు, చూస్తున్నావుగా ఎట్టా తయారయ్యాడో" అంది. అయినా రాస్తోంది.

మొన్న ఫిబ్రవరిలో పాపకి జ్వరమొచ్చింది. పది గంటలకి మందు పొయ్యాలి. బిందుమాధవి సీసా మూత తీసి, గొట్టంలోకి మందు లాగి, అలవాటు కొద్దీ నోటుబుక్కు తెరిచింది. గురవమ్మ వంకర అక్షరాలు కనిపించాయి. తొమ్మిదింటికి నేనే మందు పోశా. పిల్ల మూలుగుతుంటే చూళ్లేక.

ఆమె గొట్టంలోని మందు తిరిగి సీసాలోకి వదిలి మూత బిగించింది. పాప నుదుటి మీద చెయ్యి వేసి చూసింది, ఇంకా కాలుతోంది. మెట్ల కింద ఎర్రలైటు వెలుగుతోంది. ఏదీ మారలేదు. పెన్ను తీసి అత్తగారి వాక్యం కింద మళ్లీ మందు పొయ్యాల్సిన టైము వేసింది. ఆ పేజీకి ఎడంపక్కన, ఆమె గీసిన గళ్లన్నిటి కన్నా ముందున్న గడి పైన, నోటుబుక్కు కొన్న రోజునే ప్రతి పేజీకీ రాసిపెట్టుకున్న ఏసోబు మాట ఉంది:

మేలు చేద్దామని చేసింది ముందు రాసుకోండి.